లైనక్స్ బ్రిడ్జ్: కొన్నేళ్లు వాడాక నా మాట

లైనక్స్ కెర్నెల్‌లో ఉండే బ్రిడ్జ్, అంటే సర్వర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో చేసిన నెట్‌వర్క్ స్విచ్, నాకు ఇష్టం. మా ఆఫీసు సర్వర్‌లో కేవీఎం (లైనక్స్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం) మీద నాలుగైదు వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, నడుస్తాయి. అన్నీ బీఆర్0 అనే ఒకే బ్రిడ్జ్ మీద ఉంటాయి. కొన్నేళ్లుగా దాన్ని ముట్టుకోవాల్సిన పనే పడలేదు. కానీ బ్రిడ్జ్ ప్యాకెట్లను ఫైర్‌వాల్‌కి పంపే బీఆర్_నెట్‌ఫిల్టర్ అనే కెర్నెల్ మాడ్యూల్ మీద మాత్రం నా కోపం ఇంకా చల్లారలేదు.

అదే సర్వర్‌లో ఒక కంటైనర్ సాఫ్ట్‌వేర్ (అప్లికేషన్లను ఒకే కెర్నెల్ మీద విడివిడిగా నడిపేది) పెట్టాల్సి వచ్చింది. కంటైనర్లు చక్కగా లేచాయి. కాసేపటికే వర్చువల్ మెషీన్‌లో ఉన్న బిల్లింగ్ ఓపెన్ కావట్లేదని ఫోన్లు మొదలయ్యాయి. సర్వర్‌లోంచి వర్చువల్ మెషీన్‌కి పింగ్ వెళ్తోంది. పక్క టేబుల్ మీది కంప్యూటర్ నుంచి మాత్రం వెళ్లట్లేదు. కేబుల్ అనుకుందామంటే, ఆ కంప్యూటర్ ఏఆర్‌పీ టేబుల్లో (ఏ ఐపీ అడ్రస్‌కి ఏ మ్యాక్ అడ్రస్సో ఉండే జాబితా) వర్చువల్ మెషీన్ మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ కార్డు గుర్తింపు, శుభ్రంగా కనిపిస్తోంది. వచ్చిపోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి చూశాను. నెట్‌వర్క్ కార్డు దగ్గర పింగ్ రిక్వెస్టులు వరసగా వస్తున్నాయి. అవతల వర్చువల్ మెషీన్ వైపు పోర్టు వీనెట్0 మీద చూస్తే ఏఆర్‌పీ తప్ప ఇంకేమీ లేదు. రెండూ ఒకే బ్రిడ్జ్ పోర్టులు, మధ్యలో వేరే ఏదీ లేదు. మరి ప్యాకెట్ ఎక్కడికి పోయినట్టు?

చివరికి ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ ఫైర్‌వాల్) ఫార్వర్డ్ చైన్, అంటే సర్వర్ గుండా దాటిపోయే ప్యాకెట్లకు వర్తించే రూల్స్ జాబితా, చూస్తే పాలసీ డ్రాప్ అని ఉంది, అంటే ఏ రూలూ అనుమతించని ప్యాకెట్‌ను పారేయమని. పింగ్ కొట్టినప్పుడల్లా దాని కౌంటర్ పెరుగుతోంది. ఆ సాఫ్ట్‌వేరే పాలసీ మార్చింది, బీఆర్_నెట్‌ఫిల్టర్‌నీ లోడ్ చేసింది. అది లోడయిందంటే బ్రిడ్జ్ లోపల తిరిగే ఐపీ ప్యాకెట్లు కూడా ఐపీటేబుల్స్ గుండా వెళ్లాల్సిందే, ఈ పనికున్న సెట్టింగ్ డిఫాల్ట్ విలువ 1 (ఆన్) కాబట్టి. ఏఆర్‌పీ ఐపీ కాదు, అందుకే అది తప్పించుకుంది. రెండో లేయర్‌లో (మ్యాక్ అడ్రస్‌ల స్థాయి) పనిచేసే బ్రిడ్జ్ మీద మూడో లేయర్ (ఐపీ స్థాయి) రూల్స్ ఇలా అడగకుండా రుద్దడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. 3.18 కెర్నెల్ నుంచి దీన్ని విడి మాడ్యూల్ చేశారు, అది మంచి పనే. కానీ అందువల్లే ఏళ్ల తరబడి కనపడని తేడా ఒక్క ఇన్‌స్టాల్‌తో బయటపడుతుంది.

ఆ సెట్టింగ్ విలువను 0 (ఆఫ్) చేస్తే వెంటనే సరిపోతుంది. అయితే బూట్‌లో కెర్నెల్ సెట్టింగ్‌లు పెట్టే సిస్‌కంట్రోల్ ఫైల్లో రాసి ఊరుకుంటే చాలదు. బూట్ సమయానికి మాడ్యూల్ ఇంకా లోడ్ కాదు కాబట్టి ఆ లైన్ వృథా అవుతుంది, తర్వాత మాడ్యూల్ మళ్లీ 1తో లేస్తుంది. పైగా కంటైనర్లను ఒకదాన్నుంచి ఒకటి వేరుగా ఉంచే రూల్స్ కూడా దీని మీదే ఆధారపడొచ్చు. అందుకే బీఆర్0లోంచి వచ్చి బీఆర్0లోకే పోయేవాటిని అనుమతించే ఒక్క రూల్ ఫార్వర్డ్ చైన్‌లో అన్నిటికంటే పైన పెట్టాను. ఇప్పుడంతా బాగుంది.

బ్రిడ్జ్ పెట్టి మర్చిపోవచ్చని చాలామందికి చెప్పాను. వర్చువల్ మెషీన్లు మాత్రమే ఉన్న సర్వర్ అయితే ఇప్పటికీ అదే చెబుతాను, ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూప్‌లు రాకుండా చూసే ప్రోటోకాల్) ఆఫ్‌లో ఉంటే. ఆన్‌లో ఉంటే డిఫాల్ట్‌గా కొత్త పోర్టు పని మొదలుపెట్టడానికి 30 సెకన్లు పడుతుంది.

మాది ఒకే స్విచ్ ఉన్న చిన్న ఆఫీసు. వీల్యాన్లు (ఒకే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్క్‌లు) ఎక్కువగా ఉన్నచోట ఎలా ఉంటుందో నా అనుభవంతో చెప్పలేను. ఇంట్లో మాత్రం రౌటింగే (ఐపీ అడ్రస్ చూసి వేరే నెట్‌వర్క్‌కి పంపే పద్ధతి) వాడతాను, వైఫై క్లయింట్ ఇంటర్‌ఫేస్‌ని మామూలుగా బ్రిడ్జ్‌లో కలపడం కుదరదు కాబట్టి. కంటైనర్లు, వర్చువల్ మెషీన్లు ఒకే పెట్టెలో ఉండాల్సివస్తే, మీ రౌటర్‌లో స్టాటిక్ రూట్ (ఫలానా నెట్‌వర్క్‌కి ఇటు వెళ్లాలని చేత్తో రాసే దారి) రాసుకునే వీలుంటే, నేనైతే రౌటింగ్ వైపే మొగ్గుతాను. అక్కడా ఫార్వర్డ్ చైన్ ప్యాకెట్లను ఆపుతుంది, కానీ అక్కడ మొదట వెతికేది ఆ చైన్‌లోనే.