పాత టేకు పడవకి రబ్బరు ఫౌండేషన్లు: ఏళ్ల తరబడి వాడాక

ఇంజన్ కింద రబ్బరు ఫౌండేషన్లు (ఇంజన్ కాళ్లకీ పడవ దుంగలకీ మధ్య ఉండే రబ్బరు దిమ్మలు) వేస్తే అదురు తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. తగ్గుతుంది. నేను రాయాలనుకున్నది మాత్రం రబ్బరు మధ్యలోంచి పైకొచ్చే మర కడ్డీ, అదే స్టడ్డు గురించి, దాని మీద ఇంజన్ కాలిని పైనా కిందా పట్టి ఉంచే రెండు నట్ల గురించి. ఈ పడవకని కొన్న సామాన్లలో నాకు ఇంత సంతోషం ఇచ్చింది మరొకటి లేదు.

మేముండేది బరంపురంలో, పడవ ఉండేది రంభలో, చిలికా దక్షిణపు ఒడ్డున. మేనమామగారి కాలం నాటిది, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. చలికాలంలో పక్షులు దిగినప్పుడు, సంక్రాంతికి చుట్టాల్ని సరస్సులో దీవి మీదున్న కాళిజాయి గుడికి తీసుకెళ్లేటప్పుడు తప్ప పెద్దగా తిరగదు. ఇదివరకు ఇంజన్ కాళ్లు నేరుగా బేరర్ దుంగల మీదే కూర్చునేవి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ముందు పడవని ఒడ్డుకెక్కించాం. ఆ తర్వాత చాన్నాళ్లు అలాగే ఎండలో ఉండిపోయింది. మళ్లీ దించాక పలకలు నీళ్లు పీల్చి ఉబ్బాయి, సందులు మూసుకున్నాయి. ప్రొపెల్లర్ని తిప్పే షాఫ్టూ గేర్‌బాక్సూ మాత్రం ఎడమొహం పెడమొహం. షాఫ్టు పడవ బయటికి పోయేచోట నీళ్లు ఆపే గ్లాండ్ దగ్గర నీళ్లు ధార కట్టేవి. రబ్బరు ఫౌండేషన్లు అప్పుడు వేయించినవే.

చెక్క పడవకి ఒడ్డు మీద ఒక ఆకారం, నీళ్లలో ఇంకో ఆకారం. అందుకే షాఫ్టూ ఇంజనూ ఒకే వరసలో ఉన్నాయో లేదో, అంటే అలైన్‌మెంట్ ఒడ్డున చూడటం దండగ. నీళ్లలో దించి, ఒకట్రెండు రోజులు ఆగి, గేర్బాక్సునీ షాఫ్టునీ కలిపే కప్లింగ్ బోల్టులు విప్పి, దాని రెండు ముఖాల మధ్య పైనా కిందా రెండు పక్కలా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టి చూడాలి. కప్లింగ్ వ్యాసంలో ఒక్కో అంగుళానికి అంగుళంలో వెయ్యో వంతు తేడా దాకా ఫర్వాలేదంటారు. మాది నాలుగంగుళాలది, అంటే దాదాపు 0.1 మిల్లీమీటరు. వెనకటికి ఆ కాస్త సర్దడానికి ఇంజన్ని గడ్డపారతో ఎత్తి, కాలి కింద రేకు ముక్కలు దూర్చి, దించి, కొలిచి, మళ్లీ ఎత్తి... పొద్దున మొదలెడితే దీపాలు పెట్టేవేళకీ తెమిలేది కాదు. ఇప్పుడు పై నట్టు వదులు చేసి కింది నట్టు పావు చుట్టు తిప్పితే ఆ మూల లేస్తుంది. పక్కకి జరపాలంటే ఫౌండేషన్ అడుగు రేకులో పొడుగు బెజ్జం ఉండనే ఉంది. రెండు స్పానర్లు చాలు, పక్కన మనిషి అక్కర్లేదు.

కొత్త రబ్బరు బరువుకి కొంత కుంగుతుంది కాబట్టి మొదట్లో మళ్లీ మళ్లీ సర్దడం మామూలే. తర్వాత నిలబడాలి. నాకు లెక్కలు రాసుకునే జబ్బు ఒకటుంది. సర్దిన ప్రతిసారీ కింది నట్టు కింద ఎంత మర కనిపిస్తోందో స్కేలు పెట్టి చూసి, ఇంజన్ పెట్టె మూత లోపల సుద్దతో రాస్తాను. మూడు మూలల అంకెలు నిలబడ్డాయి. ఎడమ వెనక మూలది ఏటా పెరుగుతూనే ఉంది. మెకానిక్ చూసి, "రబ్బరు చచ్చింది, మార్చేద్దాం" అన్నాడు. వెనక రబ్బర్లు రెండింటి ఎత్తూ కొలిస్తే సమానంగానే ఉంది.

రంభలో పడవలు బాగుచేసే వడ్రంగి తాతకి ఆ అంకెలు చూపించాను. ఆయన వాటివంక చూడనైనా చూడలేదు. స్క్రూడ్రైవర్ మొనతో అడుగు రేకు పక్కన దుంగని రెండు చోట్ల పొడిచి, "నట్టు పైకెల్లట్లేదు బాబూ, కర్రే కిందికెల్తంది" అన్నాడు.

జాకీతో ఇంజన్ని కాస్త ఎత్తి ఆ మూల ఫౌండేషన్ తీశాం. దాన్ని దుంగకి బిగించిన కోచ్ స్క్రూ స్పానర్ అక్కర్లేకుండా వేళ్లతోనే ఊడొచ్చింది. తల నిక్షేపంగా ఉంది. అంగుళం కిందికొచ్చేసరికి నడుం సన్నబడి, మర అన్నదే లేదు. బెజ్జం చుట్టూ చెక్క నల్లబడి, తడిసిన బెల్లంలా వేలికి అంటుకుంది. తడి చెక్కలో ఇనుప స్క్రూ తను తుప్పు పట్టి ఊరుకోదు, చుట్టూ ఉన్న చెక్కనీ తినేస్తుంది. పైగా చిలికా నీళ్లు వానాకాలంలో చప్పబడినా ఎండల్లో ఉప్పెక్కుతాయి. దుంగ మీద పెయింటు మాత్రం చెక్కు చెదరలేదు! పుచ్చిన మేర ఉలితో తీసేసి, ఎండిన టేకు ముక్క ఎపాక్సీతో అతికించి, ఆ మూల స్క్రూల బదులు దుంగలోంచి అవతలికి దూరే బోల్టులు వేయించాం. ఆ తర్వాత ఆ అంకె కదల్లేదు.

అదురు తగ్గుతుందన్నాను కదా, అది స్పీడందుకున్నాక మాట. స్లోలో ఇంజన్ మునుపటికన్నా ఎక్కువే ఊగుతుంది. డీజిల్ పైపుకి, ఎగ్జాస్టుకి మధ్యలో ఎక్కడో ఒకచోట వంగే గొట్టం లేకపోతే విరగడం ఖాయం. ఇంకోటి: రబ్బరు లేని రోజుల్లో దుంగ వదులైతే పడవంతా గడగడలాడి చెప్పేది. రబ్బరు ఆ కబురు కూడా మింగేస్తుంది. రాసుకోకుండా నట్టు ఎత్తుకుంటూ పోతే, మర అయిపోయేదాకా తెలియదు.

రబ్బరుకి డీజిల్ పడదు. ముందు కుడి దాని మీద పంపు నుంచి చుక్కచుక్క పడి ఉబ్బి మెత్తబడింది. పైన టోపీలా రేకు మూత ఉన్న రకం దొరుకుతుంది. "అన్నీ ఒకటే" అని దుకాణంవాడు నాకు మూత లేనిది అంటగట్టాడు. ఆ కోపం ఇంకా పోలేదు. ప్రస్తుతానికి పాలపొడి డబ్బా మూత కత్తిరించి కప్పాను.

అందరూ వేయించుకోండి అనలేను. నాది అప్పుడప్పుడు తిరిగే పడవ, నాకు లెక్కలు రాసుకునే తీరికుంది. ప్రొపెల్లర్ పడవని తోసే తోపు కూడా ఈ రబ్బర్ల మీదుగానే పోతుంది, కాబట్టి ఇంజన్ బరువొక్కటే చూసి కొంటే చాలదు. రోజూ వేటకెళ్లి, ఘేరీల (రొయ్యలకి వలకట్టిన మడుల) వలలు ప్రొపెల్లర్‌కి చుట్టుకునే చోట తిరిగేవాళ్లు రేకు ముక్కలతోనే నెట్టుకొస్తున్నారు. వాళ్లది తప్పనడానికి నా దగ్గర కారణం లేదు.

ముందు రెండూ ఈ సంక్రాంతిలోపు మార్చాలి, ఈసారి మూత ఉన్నవే. వెనకవి బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను.