బుఖారాలో ఇబ్న్ సీనా కోసం వెతికితే

వెయ్యేళ్ళ నాటి వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనా కోసమే ఉజ్బెకిస్తాన్ వెళ్ళేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. బుఖారాలో అందరూ ఫొటోలు తీసుకునే కట్టడాలు చాలావరకు ఆయన తర్వాతివే. కల్యాన్ మినార్ 1127లో కట్టింది, మీర్ అరబ్ మదరసా 16వ శతాబ్దానిది. మాకు దొరికిన గైడ్ మాత్రం ఆయన ఆ మదరసాలోనే చదివారని గట్టిగా చెప్పాడు. 1037లోనే చనిపోయిన మనిషి అక్కడెలా చదువుతారు? డబ్బు తీసుకుని ఇలా చెప్పడం నాకు చాలా బాధనిపించింది.

ఆయన కాలానికే నిలబడి ఉన్నది, అప్పట్లో బుఖారాను ఏలిన సమానీ రాజుల సమాధి మందిరం. చిన్నదే. రంగు పలకలేవీ లేవు, ఒట్టి ఇటుకల్నే బుట్ట అల్లినట్టు పేర్చారు. ఎండ జరిగేకొద్దీ గోడమీద నీడలు మారిపోతుంటాయి. పొద్దున్నే వెళ్ళండి, టూరు బస్సులు రాకముందు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో సమానీ రాజు నూహ్‌కు వైద్యం చేసి, అందుకు బదులుగా ఇబ్న్ సీనా కోరింది రాజుగారి గ్రంథాలయంలో చదువుకోనివ్వమని. గదినిండా పెట్టెలు, పెట్టెలనిండా పుస్తకాలు, ఒక్కో విద్యకు ఒక్కో గది అని ఆయనే చెప్పుకున్నారు. ఆ గ్రంథాలయం తర్వాత కాలిపోయింది. మా హైదరాబాద్ చార్మినార్ పక్కన యునానీ ఆసుపత్రిలో ఇప్పటికీ నడుస్తున్న వైద్యానికి మూలగ్రంథాల్లో ఒకటైన, ఆయన రాసిన ఐదు భాగాల 'అల్ ఖానూన్' వెనక ఆ చదువంతా ఉంది. అందుకే ఆ రాజుల సమాధి మందిరం దగ్గర్నుంచి తొందరగా కదల్లేకపోయాను.

ఆయన 980 ప్రాంతంలో పుట్టిన అఫ్షానా ఊరు బుఖారాకు సుమారు 30 కిలోమీటర్లు. మ్యూజియం ఉంది, పూట చాలు. పాత ఇల్లేదో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. టాక్సీ రానుపోను, వెయిటింగ్‌తో కలిపి ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే తిరుగు ప్రయాణానికి టెన్షన్.

బస మాత్రం పాత ఊళ్ళో, ల్యాబీ హౌజ్ కోనేటి దగ్గరే తీసుకోండి. చెక్క స్తంభాలు, మధ్యలో ఆవరణ ఉన్న పాత ఇళ్ళను గెస్ట్ హౌస్‌లుగా మార్చారు. పెద్ద హోటళ్ళకంటే ఇవే నయం, అన్నిచోట్లకీ నడిచి వెళ్ళొచ్చు. శాకాహారులకు కష్టమే: పులావులో మాంసం తప్పదు. గుమ్మడికాయ సంసా (సమోసాలాంటిది), రొట్టె, పండ్లతో మేం సర్దుకున్నాం. తాష్కెంట్ నుంచి అఫ్రోసియాబ్ రైలు సుమారు నాలుగు గంటలు. టికెట్లు త్వరగా అయిపోతాయి, వీసా చేతికి రాగానే కొనేయండి.

ఆయన సమాధి ఇరాన్‌లోని హమదాన్‌లో ఉంది. దాన్నీ ఈ యాత్రలోనే ఇరికించాలని చూడకండి, అది వేరే ప్రయాణం.