అరచేతి పెట్టెలో పిట్ట పాట: జెనీవా, న్యూషాటెల్, సెంత్ క్రువా

చిన్నప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మను చూడాలని జనంలో మునివేళ్ల మీద నిలబడేదాన్ని. ఆ ఇష్టమే ఈసారి అమ్మనూ నన్నూ స్విట్జర్లాండ్‌లో పెట్టెల్లోంచి లేచి పాడే మర పిట్టల దాకా తీసుకెళ్లింది.

ముందు జెనీవాలో గడియారాల సంస్థ పటేక్ ఫిలిప్ వాళ్ల మ్యూజియం. బంగారం మీద ఎనామెల్ పనితనం చూడాలంటే ఇక్కడికే రావాలి. కానీ అద్దం వెనక పలకని పిట్టను ఎంతసేపు చూసినా తనివి తీరలేదు. ఆది, సోమవారాలు సెలవు, గుర్తుపెట్టుకోండి.

బస న్యూషాటెల్‌లో. మా హోటల్ పట్టాల పక్కనే, రాత్రంతా రైళ్ల చప్పుడు. అయినా ఈ ఊళ్లోనే దిగమంటాను. హోటల్లో ఉన్నవాళ్లకిచ్చే టూరిస్ట్ కార్డుతో ఆ కాంటన్‌లో (అక్కడ రాష్ట్రంలాంటిది) రైళ్లు, బస్సులు, మ్యూజియాలు ఉచితం. గడియారాలు చేసే జాకే-ద్రో కుటుంబం 1768–1774 మధ్య చేసిన మూడు మరబొమ్మలూ ఇక్కడివే. వాటిని నెలలో మొదటి ఆదివారమే ఆడిస్తారు. తేదీ చూసుకున్నాకే విమానం టికెట్లు కొన్నాం.

అసలు సంగతి సెంత్ క్రువాలో. ఇవెర్డన్ నుంచి చిన్న రైలు అరగంట పైగా కొండెక్కుతుంది. కాంటన్ వేరు కాబట్టి కార్డు చెల్లదు, టికెట్ కొనాలి. అక్కడి మరబొమ్మల మ్యూజియంలో గైడ్ వెంటే తిరిగాం, అదే మేలైంది. ఆవిడ ఒక చిన్న పెట్టె మీట జరపగానే మూత లేచి, బొటనవేలంత పిట్ట నిలబడింది. ఒంటినిండా నిజమైన ఈకలు. ముక్కు తెరుస్తూ, తోక ఆడిస్తూ, రెక్కలల్లారుస్తూ పాడి, ఠక్కున పడుకుంది. మూత పడింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల స్ప్రింగు బలంతో చిన్న తిత్తి గాలి ఊదుతుంది. మొదట్లో ఒక్కో స్వరానికి ఒక్కో ఈల గొట్టం ఉండేది. 18వ శతాబ్దం చివర్లో ఒకే ఈలలో జరిగే పిస్టన్ పెట్టారు. దాంతో స్వరం మెట్లు దిగకుండా, వీణ మీద జారులా సాగింది. పిస్టన్ ఎప్పుడు ఎంత జరగాలో ఇత్తడి చక్రాల అంచుల్లోని ఎగుడుదిగుళ్లు చెబుతాయి. అంటే ఆ పాటను ఎవరో ఆకురాయితో అరగదీసి రాశారన్నమాట! సంగీతపు పెట్టెలు చేసే ఇక్కడి రూజ్ సంస్థ 1865 నాటిది. ఈ యంత్రకళను 2020లో యునెస్కో గుర్తించింది.

ఊళ్లో శాకాహారం దొరకడం కష్టం. మేం పులిహోర కట్టుకెళ్లి స్టేషన్ బెంచీ మీద తిన్నాం. రైలొచ్చేదాకా అమ్మ ఆ ఈలను నోటితో పలికించే ప్రయత్నం చేస్తూనే ఉంది.