600 లీటర్ల ఇంటర్నల్ ఫిల్టర్: ఏడాదికి పైగా వాడాక, ఫోర్స్ గురించి

చేపల తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అంచు దాకా పోస్తే 56 లీటర్లు పడుతుంది. అడుగున రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నిజంగా ఉండేది 45 లీటర్లు. అందులో నడుస్తున్నది పెట్టె మీద ‘గంటకు 600 లీటర్లు’ అని రాసి ఉన్న మామూలు ఇంటర్నల్ ఫిల్టర్, అంటే నీళ్లలోనే మునిగి ఉండే మోటారు ఫిల్టర్. చెత్త లాగడంలో దీనికి వంక పెట్టలేం. అయితే కొన్నది కొన్నట్టు బిగిస్తే ఏంజెల్, గప్పీ, ఫైటర్ లాంటి చేపలు ఆ ఫోర్స్‌కు తట్టుకోలేవు. మూలకు చేరి రెక్కలు ముడుచుకుంటాయి. వేసిన మేత నోటికి అందేలోపే కొట్టుకుపోతుంది. నాబ్ తిప్పి నీళ్లు తగ్గించడం కన్నా, ఆ ధార ఎక్కడ తగలాలో మార్చడమే దీనికి సరైన మందు.

ముందు అసలు ఎన్ని నీళ్లు వస్తున్నాయో కొలవండి. పెట్టె మీది అంకె ఖాళీ మోటారుది, స్పాంజ్ అడ్డు లేనప్పటిది. ఫిల్టర్ నీళ్లలోనే ఉంచి మూతికి చిన్న పైపు తగిలించండి. పైపు చివర తొట్టె నీటి మట్టానికి దగ్గరగా ఉండేలా బకెట్ ఎత్తులో పెట్టి 5 లీటర్లు నింపండి, ఫోన్లో సెకన్లు చూడండి. 18,000ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో తెలిసిపోతుంది. దీనికి 45 సెకన్లు పట్టింది, అంటే 400 లీటర్లు. తొట్టె నీళ్లన్నీ గంటలో తొమ్మిది సార్లు తిరుగుతున్నట్టే. నెమ్మదిగా ఈదే చేపలకు నాలుగైదు సార్లు చాలు. జీబ్రా డానియోలకైతే ఈ ఫోర్స్ ఇష్టమే.

నాబ్ సగానికి తిప్పితే ధార చిన్నదవుతుంది, దాంతోపాటు వడపోతా తగ్గుతుంది. ఫిల్టర్‌కు ఎదురు మూలన చేపల మలం పోగుపడుతుంది. నాబ్ నీళ్లు బయటికొచ్చే వైపు ఉంటే మోటారుకు హాని లేదు. నీళ్లు లోపలికి లాక్కునే వైపు మాత్రం ఎప్పుడూ బిగించకూడదు. అక్కడ నీళ్లు అందకపోతే మోటారు వేడెక్కుతుంది.

స్ప్రే బార్ (ఫిల్టర్ మూతికి తగిలించే, వరసగా రంధ్రాలున్న పైపు) పెట్టుకోండి, అయితే పెట్టెలో వచ్చే బార్‌ను లెక్క చూడకుండా వాడొద్దు. ఫిల్టర్ మూతి లోపలి వెడల్పు 12 మి.మీ. అనుకుంటే దాని వైశాల్యం 113 చదరపు మి.మీ. బార్‌కు 3 మి.మీ. రంధ్రాలు పది ఉంటే అవన్నీ కలిపినా 71 మాత్రమే. నీళ్లు ఇంకా ఇరుకు దారిలోంచి రావాలి కాబట్టి ధారలు సన్నగా, మరింత ఉరవడిగా కొడతాయి. స్ప్రే బార్ పెట్టినా ఫోర్స్ తగ్గలేదని చాలామంది అనడానికి కారణం ఇదే. అవే పది రంధ్రాలను 4 మి.మీ. డ్రిల్ బిట్‌తో పెద్దవి చేస్తే మొత్తం 125 దాటుతుంది, తేడా వెంటనే కనిపిస్తుంది.

కొత్త బార్ కొనక్కర్లేదు కూడా. గుంటూరు వైపు మిర్చి తోటలకు డ్రిప్ సామాను అమ్మే షాపుల్లో రంధ్రాలు లేని 16 మి.మీ. నల్ల పైపు, ఎండ్ క్యాప్ దొరుకుతాయి. చుట్టగా వస్తుంది కాబట్టి వేడి నీళ్లలో ముంచి సాగదీయాలి. ఆ పైపు నీళ్లలో తేలుతుంది. రెండు చివర్లా సక్షన్ కప్పులు బలంగా ఉండాలి. అవే ఈ ఏర్పాటులో అన్నిటికన్నా ముందు పాడయ్యేవి, కొన్నాళ్లకు గట్టిపడి అద్దాన్ని వదిలేస్తాయి. జత అదనంగా ఉంచుకోండి.

బార్‌ను వెనక అద్దం వెంట, నీటి మట్టానికి 2 సెం.మీ. కింద అమర్చి, రంధ్రాలు అద్దం వైపు, కొంచెం పైకి తిప్పాలి. ధార అద్దానికి కొట్టుకుని విరిగి, మెత్తగా ముందుకు వస్తుంది. పైన నూనె తెట్టు కట్టదు. చిటికెడు మేత పైన వేసి చూడండి. నిదానంగా తొట్టె అంతా తిరగాలి. ఒకచోట సుడి తిరిగినా, ఒకే మూల పేరుకున్నా కోణం మార్చాలి.

ఎండాకాలం లెక్క వేరు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో ఏసీ లేని గదిలో తొట్టె నీళ్లు 32 డిగ్రీలకు చేరడం మామూలే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.2 మి.గ్రా. ఆక్సిజన్ ఇముడుతుంది, 32 దగ్గర 7.3 మాత్రమే. పైగా వేడికి చేపల అవసరం ఇంకా పెరుగుతుంది. అప్పుడు నాబ్ పూర్తిగా తెరిచి, రంధ్రాలు మరికాస్త పైకి తిప్పి ఉపరితలం కదిలేలా చూడాలి. ఫిల్టర్‌తో వచ్చే గాలి ట్యూబు మీద ఆశ పెట్టుకోవద్దు. ధార వేగంగా పోతేనే అది గాలి లాగుతుంది, స్ప్రే బార్ తగిలిస్తే చాలాసార్లు ఆగిపోతుంది. గాలి పంపుకు తగిలించి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ విడిగా వేయండి. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరై బార్ బయటపడుతుంది. మట్టం పడకుండా నీళ్లు పోస్తూ ఉండాలి.

పిల్ల గప్పీలుంటే ఫిల్టర్ కింది చీలికలకు ముతక స్పాంజ్ తొడగాలి. దాన్ని రెండు వారాలకోసారి, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. కార్పొరేషన్ నీళ్లలోని క్లోరిన్ స్పాంజ్‌లో పెరిగిన మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బార్ రంధ్రాలకు, ఇంపెల్లర్‌కు (మోటారులో తిరిగే చిన్న రెక్కల చక్రం) తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఫోర్స్ దానంతటదే తగ్గుతూ వస్తే కారణం అదే కావచ్చు. వెనిగర్‌లో అరగంట నానబెట్టి, టూత్‌బ్రష్‌తో రుద్ది, బాగా కడిగి పెట్టండి. ఇంపెల్లర్ మధ్య ఉండే సన్న కడ్డీ చాలావాటిలో పింగాణీది, వంచితే విరిగిపోతుంది.

ఫైటర్ ఒక్కటే ఉండే చిన్న తొట్టెకు ఇన్ని ఏర్పాట్లు చేసినా ఈ ఫిల్టర్ కొనమని చెప్పను. గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్, గాలి తగ్గించే చిన్న వాల్వు చాలు. పంపును నీటి మట్టం కన్నా పైన పెట్టాలి, లేదంటే ట్యూబులో చెక్ వాల్వు (ఒకవైపే పోనిచ్చేది) వేయాలి. కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి జారి పంపులోకి చేరేది ఆ దారినే.