మూడ్ కోసం మింగిన మాత్రలు: రెండేళ్ల వాడకం తర్వాత

లెక్క ముందే చెప్పేస్తాను. రక్తపరీక్షలో లోటు తేలినచోట బి12, ఐరన్ రెండూ పనిచేశాయి. నీరసం, చిరాకు, చిన్నదానికే విసుక్కోవడం రెండు మూడు నెలల్లో తగ్గాయి. మెగ్నీషియం ఫరవాలేదు. విటమిన్ డి ఒళ్లునొప్పులకు పనికొచ్చింది గానీ దిగులుకు కాదు. మల్టీవిటమిన్ మూత్రాన్ని పచ్చగా మార్చడం తప్ప చేసిందేమీ లేదు. ఆ పసుపు రంగు బి2ది, ఒంటికి అక్కర్లేనిది బయటికి పోతోందన్నమాట.

బెంగళూరు మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మనవాళ్లకు ఈ లోట్లు ఊరికే రావు. ఎండ మొహం చూడని ఏసీ ఆఫీసు, మెస్సులో పప్పు, రసం, నీళ్ల మజ్జిగ, పూటకో ఫిల్టర్ కాఫీ. బి12 పాలు, పెరుగు, గుడ్డు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. శాకాహారికి ఆ పల్చటి మజ్జిగే దిక్కయితే ఏం చాలుతుంది?

మాత్ర కొనేముందే పరీక్షలు చేయించుకోవాలి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్, బి12, 25 హైడ్రాక్సీ విటమిన్ డి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే సరిపోదు, అది పడిపోకముందే ఐరన్ నిల్వలు అడుగంటుతాయి. ఆ సంగతి చెప్పేది ఫెరిటిన్. అయితే జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది కాబట్టి అవి తగ్గాక రక్తం ఇవ్వాలి. థైరాయిడ్ మందగించినా ఇదే మబ్బు, ఇదే బద్ధకం. అందుకే టీఎస్‌హెచ్. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు కనీసం రెండు రోజుల ముందు ఆపి రక్తం ఇవ్వాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ ఇలాంటి ల్యాబ్ పరీక్షలను తారుమారు చేస్తుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

బి12: 1500 మైక్రోగ్రాముల మిథైల్‌కోబాలమిన్, రోజుకొకటి. రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే కదా, ఇంతెందుకంటే, అంత పెద్ద మోతాదులో ఒంటికి పట్టేది సుమారు ఒక శాతం. మాత్రలు మొదలెట్టాక పరీక్షకు వెళితే అంకె ఆకాశంలో ఉంటుంది, దానివల్ల తెలిసేదేమీ లేదు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు వేసుకునే పాంటోప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 తగ్గుతుంది. వాళ్లకు ఈ పరీక్ష మరీ అవసరం. బి12 లోటు ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తహీనత సర్దుకుంటుంది, నరాల దెబ్బ మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. మందులషాపులో ‘బి12 ఇవ్వండి’ అంటే ప్రీగాబలిన్ కలిసిన స్ట్రిప్పు చేతికి రావచ్చు. అది నరాలనొప్పి మందు. మత్తు, తల తిరగడం, బరువు పెరగడం దాని లక్షణాలు, ఉన్నట్టుండి మానకూడదు కూడా. ‘విటమిన్ వేసుకున్నాక హాయిగా నిద్రపట్టింది’ అనేవాళ్లు ఒకసారి స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూసుకోవాలి.

ఐరన్: ఫెర్రస్ ఆస్కార్బేట్, ఒక్కో మాత్రలో 100 మి.గ్రా. ఐరన్. కాఫీకి, దీనికి పడదు. కాఫీ, టీల్లోని పాలీఫినాల్స్ ఐరన్‌ను పట్టేసి పేగుల్లోంచి అలాగే బయటికి తోసేస్తాయి. కాఫీకి గంట ముందో, రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. పెరుగన్నం, కాల్షియం మాత్ర కూడా దూరమే. నిమ్మరసం కలిపిన నీళ్లతో మింగడం మేలు. రోజూ బదులు రోజు విడిచి రోజు వేసుకుంటే కడుపులో గడబిడ బాగా తగ్గింది. ఒక మోతాదు పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు తర్వాతి ఐరన్‌కు అడ్డుపడుతుంది, కాబట్టి మధ్యలో ఖాళీ రోజు వల్ల నష్టమేం లేదు. విరేచనం నల్లబడితే కంగారు పడక్కర్లేదు, మలబద్ధకానికే సిద్ధపడాలి. లోటు లేని మగవాళ్లు దీని జోలికి పోవద్దు, ఎక్కువైన ఐరన్‌ను వదిలించుకునే దారి ఒంటికి లేదు.

విటమిన్ డి: 60,000 ఐయూ (విటమిన్ మోతాదు కొలత), వారానికొకటి, ఎనిమిది వారాలు. కొవ్వులో కరిగే విటమిన్, నెయ్యి వేసిన భోజనంతోనో పాలతోనో తీసుకోవాలి. ‘వారానికొకటి’ని ‘రోజుకొకటి’ అనుకుని మింగేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీలకే ఎసరు. స్ట్రిప్పు మీద పెన్నుతో ‘ఆదివారం’ అని రాసిపెట్టుకుంటే గొడవ ఉండదు. ఇక మూడ్ సంగతి: 50 ఏళ్లు దాటిన 18,353 మందికి సుమారు ఐదేళ్లు రోజుకు 2,000 ఐయూ ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్ 2020లో వచ్చింది. ఉత్తుత్తి మాత్రకూ దీనికీ దిగులు విషయంలో తేడా కనపడలేదు.

మెగ్నీషియం కొనేటప్పుడు డబ్బా ముందున్న పెద్ద అంకెను నమ్మకండి. 1000 మి.గ్రా. గ్లైసినేట్ రకం అంటే అసలు మెగ్నీషియం 140 దగ్గర. ఆక్సైడ్ రకంలో అంకె ఘనంగానే ఉంటుంది, ఒంటికి పట్టేది తక్కువ, బాత్రూముకు పరుగు ఎక్కువ. రాత్రి భోజనం తర్వాత గ్లైసినేట్ వేసుకుంటే పిక్కలు పట్టేయడం తగ్గి నిద్ర కాస్త కుదురుకుంది. 2017లో 126 మందితో చేసిన ఒక అధ్యయనంలో రోజుకు 248 మి.గ్రా. మెగ్నీషియంతో ఆరు వారాల్లో దిగులు, ఆందోళన తగ్గాయి. కాకపోతే వాళ్లందరికీ ఏం మింగుతున్నారో తెలుసు, కాబట్టి కొంత తీసేసి చూడాలి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ను అడక్కుండా వద్దు. రాగిముద్ద తినేవాళ్లకు కొంత ఉచితంగానే దొరుకుతోంది.

ఒత్తిడి తగ్గిస్తుందని ఈమధ్య బి6 కూడా అమ్ముతున్నారు. ఇంగ్లండ్‌లో రోజుకు 100 మి.గ్రా. ఇచ్చి చూస్తే ఆందోళన కొంచెం తగ్గిన మాట నిజమే. కానీ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే చేతులు కాళ్లు తిమ్మిరెక్కి నరాలు దెబ్బతింటాయి. యూరప్ 2023లో పెట్టిన రోజువారీ గరిష్ఠ పరిమితి 12 మి.గ్రా. మాత్రమే. మల్టీవిటమిన్, బీ కాంప్లెక్స్, ‘స్ట్రెస్’ మాత్ర మూడూ మింగేవాళ్లు ముందు బి6 మొత్తం కూడుకోవాలి.

థైరాయిడ్ మాత్ర థైరాక్సిన్ వాడేవాళ్లకు: అది పరగడుపున, ఐరన్, కాల్షియం, మెగ్నీషియం నాలుగు గంటల తర్వాత. అన్నీ ఒకే గుక్కలో వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు, మళ్లీ అదే నీరసం.

రెండు వారాలు దాటినా దేనిమీదా మనసు నిలవకపోతే, లేదా ఎప్పుడైనా సరే బతకాలనిపించకపోతే మాత్రం ఫెరిటిన్ రిపోర్టు కోసం ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బెంగళూరు ఊళ్లోనే మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ కూడా ఉంది.