ఎనిమిది డాలర్ల సిగార్, ఇరవై డాలర్ల సిగార్: ఏళ్ల తరబడి కాల్చాక నా అభిప్రాయం

సిగార్ ధర ఎందుకు పెరుగుతుందో తెలియాలంటే రెండు కంపెనీలను పోల్చడం కన్నా, ఒకే కంపెనీ మామూలు రకాన్నీ ఖరీదైన రకాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం మేలు. అందుకు నేను ఎంచుకున్నది పాద్రోన్. క్యూబా వదిలి వచ్చిన హోసే ఒర్లాండో పాద్రోన్ 1964లో మయామీలో మొదలుపెట్టిన కంపెనీ ఇది. ఇప్పుడు సిగార్లు నికరాగ్వాలోని ఎస్తెలీలో తయారవుతాయి.

వాళ్ల మామూలు రకంలో 2000 అనేది ఐదంగుళాల సిగార్. 1964 యానివర్సరీ రకంలో ఎక్స్‌క్లూసివో దానికంటే అరంగుళం పొడవు, నాలుగు పలకలుగా నొక్కి ఉంటుంది. లావు రెండింటికీ 50 రింగ్ గేజే, అంటే అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 50. మొదటిది నాకు ఎనిమిది, తొమ్మిది డాలర్లకు దొరుకుతుంది. రెండోది ఇరవైకి అటూ ఇటూ. నేనుండేది ఫ్లోరిడాలో, ఇక్కడ సిగార్ల మీద రాష్ట్రం పన్ను వెయ్యదు. పన్ను ఎక్కువగా ఉన్న కాలిఫోర్నియా లాంటి చోట్ల ఉన్న మనవాళ్లు ఈ లెక్కకు ఇంకొంత కలుపుకోవాలి.

ఇంతకీ రెట్టింపు డబ్బు దేనికి? ముఖ్యంగా ఆకు వయసుకి. మామూలు రకానికి కనీసం రెండున్నరేళ్లు, 1964 యానివర్సరీకి నాలుగేళ్లు, ఇంకా పైనున్న 1926 అనే రకానికి ఐదేళ్లు మాగబెట్టిన ఆకు వాడతామని కంపెనీ చెబుతుంది. కోసి ఆరబెట్టిన పొగాకును గుట్టలుగా పేర్చితే లోపల వేడి పుడుతుంది, ఆకులోని అమ్మోనియా బయటికి పోతుంది. ఆ తర్వాత గోదాముల్లో ఏళ్ల తరబడి ఉంచితే మిగిలిన కరుకుదనం కూడా తగ్గుతుంది. కొత్త బియ్యానికీ పాత బియ్యానికీ వండితే తెలిసే తేడా లాంటిదే ఇది.

2000 అంటించగానే మిరియాల ఘాటు ముక్కుకి తగులుతుంది. కాసేపటికి అది తగ్గి కోకో, కాస్త మట్టి వాసన, చక్కెర లేని కాఫీ రుచి వస్తాయి. సగం దాటేదాకా నాకు చాలా బావుంటుంది. చివరి రెండంగుళాల్లో పొగ వేడెక్కుతుంది, చేదు పెరుగుతుంది, దమ్ముకీ దమ్ముకీ మధ్య ఎక్కువ ఎడం ఇవ్వాలి. ఎక్స్‌క్లూసివోలోనూ ఉన్నవి దాదాపు ఇవే రుచులు. కానీ మిరియం నాలుక మీద గుచ్చదు, కోకో వెనకాల వేయించిన జీడిపప్పు లాంటి కమ్మదనం ఒకటి నిలబడుతుంది, వేళ్లకు సెగ తగిలేదాకా చేదు రాదు. పెట్టె మారినా ఆ తీరు మారదు. రుచి రెట్టింపు కాదు, ఆ మాట నేను ఒప్పుకోను. డబ్బు తెచ్చిపెట్టేది ఆ చివరి రెండంగుళాల్నీ, ఎప్పుడు తీసినా అలాగే ఉంటుందన్న భరోసానీ. 1926 ఇంకా మెత్తగా ఉంటుంది కానీ, 1964 రకం ధర దాటి పెట్టే ప్రతి డాలరుకీ దక్కే తేడా నా నోటికి చాలా చిన్నది.

ఇంకా కిందికి వెళితే, ఒక్కోటి ఐదు డాలర్ల లోపు పడే, కట్టల్లో వచ్చే సిగార్ల సంగతి వేరు. వాటిలో ఒకదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. చాలావాటిలో తునకలు, అక్కడక్కడా ఈనెలు కనిపిస్తాయి. మంచి సిగార్‌లో ఆకులు ఆ చివర నుంచి ఈ చివర దాకా నిండుగా ఉంటాయి. అందుకే దాని బూడిద అంగుళం దాకా రాలకుండా నిలుస్తుంది. తునకల సిగార్ బూడిద చొక్కా మీద పడుతుంది, ఒక పక్క ముందు కాలిపోతుంది, పొగ త్వరగా వేడెక్కి నాలుక మండుతుంది. మన గోదావరి లంకల పొగాకు చుట్ట వాసన తెలిసినవాళ్లకు ఈ ఘాటు కొత్తేం కాదు. కాకపోతే చుట్ట కాల్చేదే ఆ ఘాటు కోసం. సిగార్‌లో నేను వెతికేది ఆకు మాగాక వచ్చే రుచి. తక్కువ ధరలోనే నిండు ఆకుతో చుట్టినవి కావాలంటే ఇక్కడి టాంపాలోని జె.సి. న్యూమన్ కంపెనీ వాళ్ల బ్రిక్ హౌస్ రకం చూడండి. అదీ ఎస్తెలీలోనే చుడతారు. పాద్రోన్ అంత చిక్కగా ఉండదు, కానీ నెమ్మదిగా, సమంగా కాలుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ముందు ఇచ్చేది అదే.

పై ఆకు రంగు గురించి ఒక మాట. ఎక్కువ కాలం మాగి నల్లబడిన మడూరోలో కొంచెం తీపి ఉంటుంది, అది లోపలి ఆకు కరుకుదనాన్ని కప్పుతుంది. అందుకని చవక రకాల్లో మడూరో, ఖరీదైనవాటిలో మామూలు గోధుమ రంగు ఆకు తీసుకుంటాను. లోపలి ఆకు బావున్నప్పుడు దాన్ని కప్పడం దేనికి?

ధర కన్నా ముందు చూసుకోవాల్సింది నిల్వ. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, 65 శాతం తేమ నిలిపే ఒక ప్యాకెట్ చాలు, సీడర్ చెక్క పెట్టె తప్పనిసరి కాదు. ఒక పెద్ద దుకాణంలో ఇరవై ఐదు డాలర్లు పెట్టి కొన్నది కత్తిరించగానే పై ఆకు పెటపెటా చిట్లింది, పొగ కాగితం కాలినట్టు వచ్చింది. నెలల తరబడి ఎండిన సిగార్ ఎంత గొప్ప పేరున్నదైనా దండగే. హైదరాబాద్, విజయవాడ తీసుకెళ్లేవాళ్లు వేడి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎండలకు ఆకులో ఉన్న పొగాకు పురుగు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చి, పై ఆకు మీద సూదిమొన అంత బెజ్జాలు కనిపిస్తాయి. ఒక సిగార్‌కి వస్తే డబ్బా మొత్తానికి పాకుతుంది.

ఇంకోటి సూటిగా చెబుతాను: ధర పెరిగినా హాని తగ్గదు. పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి నుంచే ఒంట్లోకి పోతుంది, నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ భయం ఉంటుంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్లకు అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టొద్దు. నేను వారాంతాల్లో తప్ప ముట్టను, రోజూ కాల్చే సరదా అయితే చవకవీ ఖరీదైనవీ రెండూ వద్దంటాను.

ఇప్పుడు నా డబ్బాలో ఎక్కువ భాగం పాద్రోన్ 2000లే, మడూరోవి. కొన్న వెంటనే కాల్చకుండా ఆరు నెలలు పక్కన పెడతాను, చివర్లో వచ్చే ఆ చేదు కొంత తగ్గుతుంది. 1964లు విడిగా రెండు మూడు తెచ్చి, మాట్లాడుకుంటూ గంటన్నర కూర్చునే స్నేహితులు వచ్చినప్పుడు తీస్తాను. ఏ రకమైనా పెట్టె కొనేముందు విడిగా ఒకటి కొనండి, కత్తిరించాక అంటించకుండానే ఒకసారి పీల్చి చూడండి. గాలి సులువుగా రాకపోతే ఆ పెట్టె మీకు వద్దు.