గొలుసుకట్టు చెరువులా, ఎవరి బోరు వారికా? విద్యార్థుల సామాజిక వేదికకు ఏ నిర్మాణం మేలు

నల్లగొండలో నేను పాఠం చెప్పే ఇంజినీరింగ్ కళాశాలలో ఈ ఏడాది చివరి సంవత్సరం విద్యార్థులు పదకొండు మంది తమ సెమినార్‌కు ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే), వికేంద్రీకృత (ఏ ఒక్కరి చేతిలోనూ ఉండని) సామాజిక వేదికను అంశంగా తీసుకున్నారు. నాలుగు స్లయిడ్లు చూపి చేతులు దులుపుకోకుండా, ఇక్కడి వారు, మహబూబ్‌నగర్‌లోని వారి మిత్రులు నిజంగా వాడుకోగలిగినదాన్ని నిలబెట్టాలన్నది వారి పట్టుదల. ఒకప్పటి సామాజిక వేదిక ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. తెలుగులో రాసుకునే వీలిచ్చిన కూ అనే వేదిక కూడా 2024 జూలైలో సేవలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. వేదిక యజమాని ఒక్కరే అయితే ఆ తలుపు ఎప్పుడు మూసుకుంటుందో వాడేవారి చేతిలో ఉండదన్నంత వరకు పదకొండు మందిదీ ఒకే మాట. ఆ తరువాత ఏ నిర్మాణం మీద కట్టాలన్న దగ్గర మూడు వారాలు వాదన నడిచింది.

బరిలో ప్రధానంగా మూడున్నాయి. ఒకటి, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఫెడరేషన్, అంటే మాస్టొడాన్ వంటి వేదికలు వాడే యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్ (సర్వర్లు మాట్లాడుకునే నియమావళి). రెండు, సర్వరుతో పని లేకుండా ఫోన్లూ ల్యాప్‌టాప్‌లే నేరుగా ఇచ్చిపుచ్చుకునే సెక్యూర్ స్కటిల్‌బట్. మూడు, బ్లూస్కై అనే సామాజిక వేదిక వాడే ఏటీ ప్రోటోకాల్. మా ప్రాంతపు పిల్లలకు మొదటి రెండింటి తేడా చెప్పడానికి చెరువులకు మించిన ఉపమానం నాకు దొరకలేదు. ఎగువ చెరువు నిండి అలుగు పోస్తే దిగువ చెరువుకు నీరందే గొలుసుకట్టు ఫెడరేషన్ అయితే, ఎవరి పొలంలో వారు దింపుకున్న బోరు స్కటిల్‌బట్. ఉపమానాన్ని ఇంతకంటే సాగదీయకూడదు, ఎందుకంటే చెరువు నీరు దిగువకే పారుతుంది, ఫెడరేషన్‌లో మాట ఇరువైపులా పారుతుంది.

పిల్లల మనసు మొదట స్కటిల్‌బట్ మీదికే పోయింది, అందులో ఆశ్చర్యమూ లేదు. న్యూజిలాండ్‌లో పడవ మీద బతుకుతూ నెట్ అందని రోజుల్లోనూ పనికొచ్చేలా డొమినిక్ టార్ దీన్ని రూపొందించారన్న కథే వారిని సగం గెలిచింది. మిగతా సగం ప్రయోగశాలలో తేలిపోయింది. ఇంటర్నెట్ తీగ పీకేసి, ఒక ల్యాప్‌టాప్‌నూ రెండు ఫోన్లనూ ఒకే వైఫై మీద ఉంచి ఒక ఫోన్‌లో పోస్టు రాస్తే, కాసేపటికి అది మిగతా రెండింటిలోనూ కనిపించింది. కరెంటు పోయినా, డేటా ప్యాక్ అయిపోయినా హాస్టల్ గదుల మధ్య మాట ఆగదన్న సంతోషంలో చప్పట్లు కొట్టారు.

ఇబ్బందులు ఆ మరునాటి నుంచి మొదలయ్యాయి. ఈ పద్ధతిలో ప్రతి మనిషి రాతా ఒక చిట్టా పుస్తకం లాంటిది. కొత్త పుట చేర్చవచ్చు తప్ప పాత పుట చింపడానికి లేదు, ప్రతి పుటకూ ముందరి పుట గుర్తు ముడిపడి ఉంటుంది. ఖాతాకు తాళంచెవి లాంటి ఒకే రహస్య కీని ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ వాడితే చిట్టా రెండు పాయలుగా చీలిపోయి, చూసేవారి యంత్రాలు ఏ పాయనూ నమ్మకుండా ఆగిపోతాయి. ఫోన్ పోయి కీ కూడా పోతే ఆ పేరుతో మళ్లీ రాయలేరు. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చని వాదిస్తున్నవారిని ఒక విద్యార్థిని ప్రశ్న నిలబెట్టేసింది: "సార్, ఎవడన్న నా ఫొటో మార్చి పెట్టిండనుకోండ్రి, దాన్ని తీసేయించాలంటే ఎవరినడగాలె?" స్కటిల్‌బట్‌లో దానికి నిజాయితీగా చెప్పగల జవాబు "ఎవరినీ అడగలేం" అనే. ఆమె అతణ్ని బ్లాక్ చేస్తే తన తెర మీద కనిపించదు, మిత్రుల ఫోన్లలో మాత్రం ఉండనే ఉంటుంది. జిల్లా కేంద్రంలో అందరికీ అందరూ తెలిసిన చోట ఇది చిన్న లోపం కాదు. నా మట్టుకు నాకు ఆ పూటే ఈ మార్గం అయిపోయింది.

నోస్టర్ అనే మరో వికేంద్రీకృత పద్ధతి సంగతి ఇక్కడే ఒక వాక్యంలో ముగించవచ్చు: పోస్టులను మధ్యలో అందుకుని అందించే రిలేలుండటం వల్ల ఫోన్లు ఒకేసారి వెలిగి ఉండక్కర్లేదు, కానీ కీ పోతే మనిషే పోయినట్టన్న చిక్కు అలాగే ఉంది.

ఏటీ ప్రోటోకాల్‌ను మాత్రం తేలిగ్గా తీసేయలేం. నాలుగేళ్లలో కళాశాల వదిలి వెళ్లిపోయే విద్యార్థికి అన్నింటికంటే పనికొచ్చే గుణం దానిలోనే ఉంది. ఖాతాకు సర్వరుతో సంబంధం లేని శాశ్వత గుర్తింపు ఉండటం వల్ల, రాసిన పోస్టులతో సహా మూటగట్టుకుని మరో సర్వరుకు మారిపోవచ్చు. మాస్టొడాన్‌లో ఖాతా మారిస్తే అనుచరులు వెంట వస్తారు గాని పాత పోస్టులు పాత ఇంట్లోనే ఉండిపోతాయి. అయితే ఏటీ పద్ధతిలో మన సొంత డేటా సర్వరు చిన్న యంత్రం మీద నడిచినా, ప్రపంచం నలుమూలల పోస్టులను పోగుచేసే రిలే, వాటిని వరుసగా పేర్చి చూపే యాప్‌వ్యూ పెద్ద పనులు. వాటికి ఆచరణలో ఎక్కువమంది బ్లూస్కై కంపెనీ మీదే ఆధారపడుతున్నారు. ఇల్లు మనది, వీధి వారిది అన్నమాట.

ఇక్కడ మా పిల్లలు పట్టుకున్న ఒక చిన్న విషయం చెప్పాలి. బ్లూస్కైలో ఒక పోస్టుకు రెండు హద్దులున్నాయి: 300 అక్షరాలు, 3000 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. మనం ఒక్క అక్షరంగా చదివే "స్త్రీ"లో స, త, ర, రెండు పొల్లులు, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు, అంటే 18 బైట్లు. పైగా అది ఎన్ని అక్షరాలన్నది కూడా యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల ప్రమాణం) ఏ కూర్పు వాడుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. 15.1వ కూర్పు నుంచి సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా లెక్కించే నియమం తెలుగుకూ వచ్చింది. అంతకుముందు కూర్పులతో అదే మాట మూడుగా తేలుతుంది. మన సొంత సర్వరు అయితే ఈ హద్దును మనమే నిర్ణయించుకోవచ్చు. మాస్టొడాన్ మామూలు హద్దు 500, అది కూడా కోడ్‌లో మార్చుకోగలిగేదే.

ఇక నేను మొగ్గిన ఫెడరేషన్. యాక్టివిటీపబ్ 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలను రూపొందించే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వెలువడింది. దాని మీద నడిచే మాస్టొడాన్‌ను జర్మనీకి చెందిన ఓయిగెన్ రోఖ్కో 2016లో విడుదల చేశారు. మన దేశంలో దాని పేరు గట్టిగా వినిపించింది 2019 నవంబరులో, సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసిన తరువాత. లోపాలు దీనికీ ఉన్నాయి. నేరుగా పంపుకునే సందేశాలను సర్వరు నడిపేవారు తలుచుకుంటే చదవగలరు, వేదికలో కొత్తగా చేరే ప్రతి ఒక్కరికీ ఈ మాట మొదటి రోజే చెప్పాలి. ఒక పోస్టును తొలగిస్తే మిగతా సర్వర్లకు కబురు వెళుతుంది గాని, వారు పాటించి తీరాలన్న బలవంతం లేదు. అయినా ఆ విద్యార్థిని ప్రశ్నకు ఇక్కడ జవాబుంది: అడగడానికి ఒక మనిషి ఉంటాడు, అతని చేతిలో తొలగించే మీట ఉంటుంది, మొండికేసిన సర్వరుతో సంబంధమే తెంచుకునే వీలుంటుంది. 2021 నాటి ఐటీ నిబంధనలు ఫిర్యాదుల అధికారి ఉండాలనీ, ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పి 15 రోజుల్లో తేల్చాలనీ వచ్చినప్పుడే స్పష్టంగా పేర్కొన్నాయి. ఎవరూ బాధ్యులు కాని నిర్మాణంలో ఆ కుర్చీ ఎక్కడ వేయాలో కూడా తెలియదు.

ఫెడరేషన్ అనుకున్నాక మాస్టొడానే పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. దానికి రూబీ, పోస్ట్‌గ్రెస్, రెడిస్, సైడ్‌కిక్ వంటి వేర్వేరు సాఫ్ట్‌వేర్లన్నీ కావాలి. మా ప్రయోగశాలలోని 4 జీబీ పాత కంప్యూటరు దాన్ని మోయలేక ఆయాసపడింది. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మరో యాక్టివిటీపబ్ సర్వరు గోటుసోషల్ ఒకే ఫైలుగా వచ్చి, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసుతోనే నడుస్తుంది. రెండూ ఏజీపీఎల్ లైసెన్సువే, అంటే మార్పులు చేసి జనానికి నడిపేవారు ఆ మార్పుల సోర్సును కూడా ఇవ్వాలి. 2021లో ట్రూత్ సోషల్ అనే వేదిక మాస్టొడాన్ కోడ్ వాడుకుని ఆ సంగతి చెప్పకపోతే, నోటీసు అందాక సోర్సును బయటపెట్టవలసి వచ్చింది.

ఖాళీ ఫైలు నుంచి సొంతంగా రాస్తామన్నవారికి రెండు వారాలు గడువిచ్చాను, నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు గనుక. ఖాతాను వెతికిపట్టే వెబ్‌ఫింగర్, సందేశాలు అందుకునే ఇన్‌బాక్స్, పంపింది ఎవరో రుజువు చేసే సంతకం అన్నీ రాశారు గాని, ఎన్నిసార్లు పంపినా అవతలి మాస్టొడాన్ సర్వరు వారి పోస్టును తిప్పికొట్టింది. మూడో రోజు రాత్రి తేలిందేమిటంటే, సందేశంతో వెళ్లే తేదీ వరుసలో మన గడియారపు సమయం వేసి పక్కన జీఎంటీ (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే గ్రీనిచ్ సమయం) అని రాశారు. సాయంత్రం నాలుగు గంటలకు పంపిన సందేశం అవతలివారికి అయిదున్నర గంటల తరువాతి కాలం నుంచి వచ్చినట్టు కనిపిస్తే ఎవరు మాత్రం నమ్ముతారు! ఇలాంటి పాఠాలకు ఆ బొమ్మ సర్వరు చాలు. జనం వాడేదానికి మాత్రం గోటుసోషల్ తీసుకుని, దాని మీద తెలుగు తెర, తెలుగు అక్షరాల లెక్క మనం రాయడమే మేలని నా నిర్ణయం.

ఇలా అనడానికి సాంకేతికం కాని కారణం ఒకటుంది. 2010లో న్యూయార్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నలుగురు డయాస్పొరా అనే వికేంద్రీకృత సామాజిక వేదిక కోసం 10,000 డాలర్లు అడిగితే జనం 2,00,000 డాలర్లకు పైగా ఇచ్చారు. అంత ఆదరణ ఉన్నా 2012 ఆగస్టులో దాన్ని వాడేవారి, కోడ్ రాసేవారి సమాజం చేతికి అప్పగించారు. ఓపెన్ సోర్స్ కాబట్టే అది అక్కడితో ఆగిపోలేదు. మా బ్యాచ్ వచ్చే జూన్‌లో పట్టాలు పుచ్చుకుని హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతుంది. మూడో సంవత్సరం పిల్లలు అందుకుని నడపగలిగేది ఒక ఫైలు, ఒక డేటాబేసు, నాలుగు పుటల తెలుగు సూచనల పత్రం. మాస్టొడాన్‌కు కావలసినట్టు పలు సేవల గొలుసు కాదు.

ఈ నెలలో మిగిలిన పరీక్ష ఒక్కటే. యాక్టివిటీపబ్ ప్రమాణం ప్రకారం, అవతలి సర్వరు అందకపోతే మళ్లీ మళ్లీ పంపి చూడాలి. మహబూబ్‌నగర్ మిత్రులు తమ సర్వరును శుక్రవారం సాయంత్రం ఆపేసి సోమవారం పొద్దున తెరుస్తారు. ఈలోగా ఇక్కడి నుంచి పంపిన ముప్పై పోస్టుల్లో ఎన్ని చేరాయో లెక్కపెట్టి, చేరనివాటికి కారణం రాసి తెమ్మన్నాను.